భగవద్రామానుజుల కావేరీస్నానము

క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున అవతరించి, 1137లో శ్రీరంగమున పరమపదించిన భగవద్రామానుజుల చరిత్రమున, గోష్ఠీపురములో గోపురమెక్కి రహస్యార్థమును ఎల్లరకు వెల్లడించిన ఘట్టము నెరుగని వైష్ణవ గృహము లేదు. నాకు మాత్రము అంతకంటె కావేరీస్నానపు వృత్తాంతమే గొప్పగా తోచును. గోపురమెక్కుట ఒక్కనాటి సాహసము. ఇది ప్రతిదినము నలుగురి కన్నులయెదుట జరిగినది.

స్నానమునకు పోవునపుడు ఆచార్యులు మేనల్లుడైన దాశరథి చేయి ఊతగా గొనెడివారు. మరలి వచ్చునపుడు ధనుర్దాసుని చేయి పట్టుకొనెడివారు. ఇతడు మల్లుడు, బ్రాహ్మణేతరుడు. శుచియైన పిమ్మట ఈ స్పర్శ యేమని శిష్యులలో కొందరు నొచ్చుకొనిరి. కుల విద్యా ధన గర్వములు మూడును లేనివాడు గనుక అతని స్పర్శయే తమకు శుద్ధియని యతీంద్రులు సమాధానము చెప్పిరని పెద్దలందురు.

చోళరాజు పీడవలన హొయ్సళదేశమునకు తరలిన యతీంద్రులు, మేలుకోటలో అంత్యజులనబడినవారికి తిరుక్కులత్తారను పేరిడి, ఏటేట ఉత్సవమున కొన్ని దినములు ఆలయప్రవేశ మొసంగిరి. ఉత్సవమూర్తియగు సెల్వపిళ్ళను తెచ్చుటలో వారు తోడ్పడిరని సంప్రదాయము. కొన్ని దినములేనా యని నేడు మనమడుగవచ్చును. అడుగవలసినదే. కాని ఆ కొద్దిపాటి వాకిలినైనను పెద్దది చేయక శతాబ్దములు గడపినవారము మనమే.

మన నూజివీడు నాడు చెన్నరాష్ట్రములోనిది. ఆ రాష్ట్రమున ఆలయప్రవేశము హిందువులందరి హక్కుగా శాసనమైనది 1947లో. అంతవరకు తోటలోని తొలికాపు మామిడి స్వామి సన్నిధికి చేరెడిది; కోసి దింపినవాడు గోపురము వెలుపలనే నిలిచెడివాడు.