న్యాయమూర్తి హారీ బ్లాక్‌మన్

న్యాయస్థానమున వెలువడిన తీర్పు శిలాశాసనము వంటిదని లోకులు తలచుదురు. కాని తీర్పును వ్రాయువారు మనుష్యులే. దానిని మార్చువారును మనుష్యులే. ఈ సత్యమును జీవితమంతయు మోసినవాడు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి హారీ బ్లాక్‌మన్. గర్భమును నిలుపుకొనుటయో, మానుకొనుటయో నిర్ణయించుకొను హక్కు స్త్రీకి రాజ్యాంగమువలననే కలదని 1973లో ఆయన వ్రాసిన తీర్పు 49 సంవత్సరములు నిలిచి, ఆయన మరణించిన పిమ్మట 2022లో రద్దయ్యెను.

బ్లాక్‌మన్ 1908 నవంబరు 12వ తేదీన ఇల్లినాయి రాష్ట్రములోని నాష్‌విల్ అను చిన్న పట్టణమున జన్మించెను. బాల్యము మిన్నెసోటా రాష్ట్ర రాజధానియైన సెయింట్ పాల్ నగరమున గడచెను. తండ్రి చిన్న వర్తకుడు. ఇంట కలిమి లేదు. ప్రాథమిక పాఠశాలలో వారెన్ బర్గర్ అను బాలునితో ఆయనకు గాఢమైన స్నేహము కలిగెను. ఆ యిరువురును ఒకనాడు దేశములోని అత్యున్నత న్యాయపీఠమున ప్రక్కప్రక్కన కూర్చుందురని నాడెవ్వరును ఊహించి యుండరు.

విద్యార్థి వేతనము లభించుటచే బ్లాక్‌మన్ హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరగలిగెను. తక్కిన ఖర్చులకై పిల్లలకు పాఠములు చెప్పుట మొదలు అనేకములైన చిన్న పనులు చేసెను. 1929లో గణితశాస్త్రమున ఉన్నత శ్రేణిలో పట్టము పొందెను. వైద్యుడగుటయా, న్యాయవాది యగుటయా అని కొంతకాలము తర్కించుకొని, తుదకు న్యాయశాస్త్రమునే చేపట్టి 1932లో ఆ విద్య ముగించెను. అయినను వైద్యముపై మక్కువ పోలేదు. మినియాపొలిస్‌లో పదునారేండ్లు న్యాయవాద వృత్తి సాగించిన తరువాత, 1950లో ప్రఖ్యాతమైన మేయో వైద్యశాలకు న్యాయ సలహాదారుగా కుదిరెను. అచట గడపిన తొమ్మిదేండ్లు తన జీవితములోకెల్ల సుఖమయములని ఆయన తలచుచుండెడివాడు. రోగి శయ్య చెంత వైద్యుడు తీసికొనవలసివచ్చు నిర్ణయము ఎంత కఠినమైనదో ఆయన అచటనే తెలిసికొనెను.

1959లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను అప్పీలు న్యాయస్థానమునకు న్యాయమూర్తిగా నియమించెను. 1969లో బాల్యమిత్రుడు బర్గర్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. ఖాళీగా నున్న మరొక స్థానమునకు అధ్యక్షుడు నిక్సన్ సూచించిన ఇరువురిని సెనేట్ సభ ఒకరి తరువాత ఒకరిని త్రోసిపుచ్చగా, మరుసటి యేడు మూడవవాడుగా బ్లాక్‌మన్ పేరు వచ్చెను. 94 మంది సభ్యులు అనుకూలముగా ఓటు వేసిరి. ప్రతికూలముగా ఒక్కరును వేయలేదు. తాను మూడవ ఎంపికనని ఆయన తరువాత తన్ను తానే పరిహసించుకొనుచుండెను.

ఇంతలో టెక్సస్ రాష్ట్రము నుండి ఒక వ్యాజ్యము వచ్చెను. తల్లి ప్రాణరక్షణకు తప్ప మరి యే కారణమునను గర్భవిచ్ఛిత్తి చేయరాదని ఆ రాష్ట్రమున 19వ శతాబ్దినాటి చట్టము కలదు. జేన్ రో అను మారుపేరుతో ఒక స్త్రీ దానిని ఎదిరించెను. డాలస్ మండల ప్రాసిక్యూటరు హెన్రీ వేడ్ ప్రతివాది. సారా వెడింగ్‌టన్ అను న్యాయవాది 1971 డిసెంబరులో సుప్రీంకోర్టులో వాదించునాటికి ఆమె వయస్సు 26 ఏండ్లు మాత్రమే. అప్పటికి పీఠమున ఏడుగురే న్యాయమూర్తులు. రెండు స్థానములు ఖాళీగా నుండెను. అవి భర్తీయైన పిదప 1972 అక్టోబరులో మరల వాదములు జరిగెను. తీర్పు వ్రాయు భారము బ్లాక్‌మన్‌పై పడెను. ఆ యేటి వేసవిలో ఆయన మేయో వైద్యశాల గ్రంథాలయమునకు పోయి, ప్రాచీనకాలము మొదలుగా వైద్యులును శాసనకర్తలును ఈ విషయమును ఎట్లు చూచిరో శ్రద్ధతో పరిశోధించెను.

1973 జనవరి 22వ తేదీన తీర్పు వెలువడెను. ఏడుగురు ఏకీభవించిరి, వైట్, రెన్‌క్విస్ట్ అను ఇరువురు విభేదించిరి. రాజ్యాంగపు 14వ సవరణ రక్షించు స్వేచ్ఛలో వ్యక్తిగత గోప్యత యిమిడి యున్నదనియు, ఆ గోప్యతలో ఈ నిర్ణయమును చేరుననియు తీర్పు సారాంశము. దంపతులు గర్భనిరోధక సాధనములను వాడుట నిషేధించిన కనెక్టికట్ చట్టమును 1965లో అదే న్యాయస్థానము కొట్టివేసి యుండుట దీనికి ఆధారములలో నొకటి. అయినను ఈ హక్కు నిరంకుశము కాదు. గర్భధారణ కాలమును మూడు భాగములుగా విభజించి, మొదటి మూడు మాసములలో నిర్ణయము స్త్రీకిని వైద్యునికిని విడిచిపెట్టెను. తరువాతి దశలో తల్లి ఆరోగ్యరక్షణకై ప్రభుత్వము నియమములు చేయవచ్చును. శిశువు గర్భము వెలుపల జీవింపగల దశ వచ్చిన పిమ్మట, తల్లి ప్రాణమునకో ఆరోగ్యమునకో ముప్పు వాటిల్లినపుడు తప్ప, నిషేధింపవచ్చును.

నాటి నుండి బ్లాక్‌మన్‌కు వేలకొలది ఉత్తరములు వచ్చిపడెను. కొందరు ఆయనను కృతజ్ఞతతో కొనియాడిరి. మరికొందరు హంతకుడని దూషించిరి. ఆయన వానిలో అనేకము స్వయముగా చదువుచుండెను.

పండితులలోను విమర్శ లేకపోలేదు. ఆ హక్కును కోరువారిలోనే కొందరు, తీర్పులో స్త్రీకంటె వైద్యుని ప్రసక్తియే ఎక్కువగా నున్నదనిరి. తరువాత అదే పీఠమును అలంకరించిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, ఈ హక్కును స్త్రీపురుష సమానత్వముపై నిలుపుట మేలనియు, ఒక్క తీర్పుతో అంత దూరము పోక క్రమక్రమముగా సాగవలసినదనియు అభిప్రాయపడెను.

మెజారిటీ క్రమముగా క్షీణించెను. 1973లో ఏడుగురు, 1983లో ఆరుగురు, 1986లో అయిదుగురు. ఈ మూడవమారు విభేదించినవారిలో ప్రధాన న్యాయమూర్తి బర్గర్ ఒకడు. ఆ మిత్రుల స్నేహము అప్పటికే సడలి యుండెను. బీదస్త్రీల గర్భవిచ్ఛిత్తికి కేంద్ర ప్రభుత్వ వైద్యసహాయ నిధులు ఇయ్యకుండుట చెల్లునని 1980లో న్యాయస్థానము నిర్ణయింపగా, బ్లాక్‌మన్ అసమ్మతి తెలిపెను. ధనము లేనివారికి అందని హక్కు హక్కు కాదని ఆయన భావము.

1992లో పెన్సిల్వేనియా వ్యాజ్యము వచ్చునాటికి 1973 తీర్పు కూలిపోవునని పలువురు నమ్మిరి. న్యాయమూర్తుల తొలి సమాలోచన ఆ దిశగనే మొగ్గెననియు, కెన్నెడీ మనస్సు మార్చుకొనుటచే ఫలితము మారెననియు, 2004లో ప్రజలకు తెరువబడిన బ్లాక్‌మన్ పత్రములు తెలిపినవి. ఓకానర్, కెన్నెడీ, సౌటర్ అను మువ్వురు కలిసి, హక్కు మూలమును నిలిపి, మూడు భాగముల విభజనను తొలగించిరి. నాటికి బ్లాక్‌మన్ వయస్సు 83 ఏండ్లు. తాను ఎల్లకాలము ఆ పీఠమున నుండజాలననియు, తన స్థానమునకు ఎవ్వరు వత్తురో దానినిబట్టి ఈ హక్కు భవిష్యత్తు ఉండుననియు ఆయన తన అభిప్రాయములో నిర్మొగమాటముగా వ్రాసెను.

మరణశిక్ష చెల్లునని తొలినాళ్లలో తీర్మానించిన ఆయన, 1994లో ఇక దానిని సమర్థింపనని ప్రకటించెను. తన పూర్వాభిప్రాయమును పునర్విచారించుకొను ధైర్యము ఆయనకు కలదు. ఆ యేడే పదవీ విరమణ చేసెను. స్టీఫెన్ బ్రేయర్ ఆయన స్థానమున వచ్చెను. 1999 మార్చి 4వ తేదీన, 90 ఏండ్ల వయస్సున, బ్లాక్‌మన్ మరణించెను.

ఆయన భయము వ్యర్థము కాలేదు. 2017, 2020 సంవత్సరముల నడుమ అధ్యక్షుడు ట్రంప్ మువ్వురు న్యాయమూర్తులను నియమించెను. 2022 జూన్ 24వ తేదీన, మిసిసిపీ రాష్ట్ర చట్టమునకు సంబంధించిన వ్యాజ్యములో, అయిదుగురు న్యాయమూర్తులు 1973, 1992 నాటి తీర్పులను రెండింటిని రద్దుచేసి, విషయమును రాష్ట్రములకు వదలిరి. రాజ్యాంగమున ఈ హక్కు ప్రసక్తి లేదనియు, ఇట్టి ప్రశ్నను ప్రజాప్రతినిధులే తేల్చవలెననియు వారి వాదము. విభేదించిన మువ్వురిలో బ్లాక్‌మన్ స్థానమున వచ్చిన బ్రేయర్ ఒకడు. కొలది దినములకే ఆయనయు విరమించెను.

పిమ్మట టెక్సస్ మొదలగు రాష్ట్రములు కఠిన నిషేధములు అమలుపరచెను. కాన్సస్ ప్రజలు 2022లో హక్కును తొలగింపజూచిన సవరణను తిరస్కరించిరి. మిషిగన్ 2022లోను, ఒహాయో 2023లోను ప్రజల ఓటుతోనే దానిని రాష్ట్ర రాజ్యాంగమున చేర్చుకొనెను. రాష్ట్రపు సరిహద్దు దాటినచో స్త్రీ హక్కు మారిపోవు స్థితి యేర్పడెను.

న్యాయస్థానము దయచేసిన హక్కును న్యాయస్థానమే తిరిగి తీసికొనగలదు. ప్రజల ఓటు ఇచ్చినదానిని మరొక ఓటు తీసికొనగలదు. బ్లాక్‌మన్ ఈ సంగతి నెరిగియే నిరాశ చెందక, తన కాలమున తనకు న్యాయమని తోచినదానిని కారణసహితముగ వ్రాసెను. తీర్పు రద్దైనను, ఆ కారణములను చదివి, అంగీకరించుటయో ఖండించుటయో తరువాతి తరములవారి విధి.