నిరోధానికి పేరిచ్చిన బడిపంతులు జార్జ్ సైమన్ ఓమ్

వోల్టేజి, కరెంటు, నిరోధం... ఈ మూడింటి సంబంధం పదో తరగతి పాఠంలో ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది. ఉష్ణోగ్రత మారనంత వరకు లోహపు తీగ కొనల మధ్య వోల్టేజి ఎంత పెరిగితే అందులో కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నిరోధం పెరిగితే తగ్గుతుంది. ఈ సూత్రం తనకు విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి తెచ్చిపెడుతుందని జర్మన్ భౌతికశాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ ఆశించారు. దానిని గ్రంథంగా ప్రకటించిన ఏడాదికే ఆయన చేతిలో బడి ఉద్యోగం కూడా లేకుండా పోయింది.

ఓమ్ 1789 మార్చి 16న బవేరియా ప్రాంతంలోని ఎర్లాంగెన్‌లో జన్మించారు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి చదువు లేకపోయినా సొంతంగా గణితం నేర్చుకుని, కుమారులకు తానే బోధించాడు. జార్జ్‌కు పదేళ్లప్పుడు తల్లి కన్నుమూసింది. తమ్ముడు మార్టిన్ తర్వాతి కాలంలో గణితవేత్తగా పేరు తెచ్చుకున్నారు. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన జార్జ్ మాత్రం నృత్యాలు, బిలియర్డ్స్, మంచుపై జారే ఆటలతో కాలం గడిపారు. ఆగ్రహించిన తండ్రి చదువు మాన్పించి స్విట్జర్లాండ్‌లో ఉపాధ్యాయుడిగా పంపించాడు. అక్కడ స్వయంకృషితో గణితం చదివి, తిరిగివచ్చి 1811లో డాక్టరేట్ పొందారు.

1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో దొరికిన ఉద్యోగం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ బడిలో మంచి ప్రయోగశాల ఉండేది. తీగలో కరెంటు ప్రవహిస్తే పక్కనున్న అయస్కాంత సూచి కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ కనుగొనడంతో కరెంటును కొలిచే మార్గం దొరికింది. అసలు చిక్కు మరోచోట ఉంది. అప్పటి బ్యాటరీల బలం ప్రయోగం సాగుతుండగానే తగ్గిపోయేది. కరెంటు పడిపోతే అది తీగ వల్లనో, బ్యాటరీ వల్లనో తేల్చడం కష్టం. 1825లో ఓమ్ ప్రకటించిన తొలి సూత్రం పొరపాటుదే.

పరిశోధన పత్రిక సంపాదకుడు పొగెన్‌డార్ఫ్ సలహాతో ఆయన బ్యాటరీని పక్కనపెట్టి, బిస్మత్, రాగి లోహాలను జోడించిన ఉష్ణయుగ్మాన్ని ఎంచుకున్నారు. ఒక సంధిని మరిగే నీటిలో, మరొక సంధిని కరిగే మంచులో ఉంచారు. ఈ రెండింటి ఉష్ణోగ్రతలు మారవు కనుక వోల్టేజి కూడా నిలకడగా ఉంటుంది. గొప్ప యంత్రమేదీ లేకుండా నీరు, మంచుతోనే సమస్య తీరింది. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల వరకు ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటిగా కలిపి సూచి కదలికను కొలిచారు. తీగ పొడవుకు, వలయంలోని మిగతా భాగపు నిరోధానికి గల మొత్తంతో ఒక స్థిర సంఖ్యను భాగిస్తే కరెంటు వచ్చింది. ఉష్ణోగ్రతల తేడాను తగ్గించినప్పుడు పైనున్న సంఖ్య మాత్రమే తగ్గింది, నిరోధం మారలేదు. వోల్టేజి వేరు, నిరోధం వేరు అని స్పష్టంగా విడదీసి చూపిన ఘట్టం ఇదే.

ఓమ్ అంగుళాల్లో కొలిచిన ఆ తీగ పొడవు నేడు కిలోమీటర్లకు చేరింది. బస్తర్ అడవుల్లోని చింతలనార్ వంటి మారుమూల ఊరికైనా, గోదావరి గట్టు పల్లెకైనా లైను లాగే ఇంజినీరుకు ఈ లెక్క తప్పదు. తీగల నిరోధం 2 ఓమ్‌లు, కరెంటు 10 ఆంపియర్లు అయితే దారిలోనే 20 వోల్టులు పోతాయి. 230 వోల్టులతో బయలుదేరిన విద్యుత్తు ఇంటికి 210తో చేరుతుంది. చివరి ఇళ్లలో బల్బులు మసకగా వెలగడానికి ఇదొక కారణం. తీగ అడ్డుకోత వైశాల్యాన్ని రెట్టింపు చేస్తే, అదే కరెంటుకు ఆ నష్టం సగమవుతుంది.

1827లో బెర్లిన్‌లో వెలువడిన ఓమ్ గ్రంథానికి ఆదరణ దక్కలేదు. ప్రకృతిని గణితంతో కాక తాత్విక చింతనతో గ్రహించాలనే ధోరణి అక్కడి పండితుల్లో కొందరిని ఏలుతున్న కాలమది. మనస్తాపంతో ఆయన 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. బెర్లిన్‌లో సైనిక పాఠశాలలో వారానికి కొద్ది గంటలు గణితం చెప్పి పొట్టపోసుకున్నారు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరే వరకు ఆయనకు స్థిరమైన కొలువు లేదు. వివాహం చేసుకోలేదు.

గుర్తింపు పరాయి దేశం నుంచి వచ్చింది. లండన్ రాయల్ సొసైటీ 1841లో ఆయనకు కోప్లీ పతకం ప్రదానం చేసింది. యౌవనం నుంచి కోరుకున్న భౌతికశాస్త్ర ఆచార్య పీఠం మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో 1852లో దక్కింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. 1854 జులై 6న మ్యూనిక్‌లోనే కన్నుమూశారు.

ఓమ్ కంటే దాదాపు అర్ధశతాబ్దం ముందే ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ కావెండిష్ తన శరీరానికి తగిలే షాక్ తీవ్రతను బట్టి ఇలాంటి సంబంధాన్నే గమనించారు. అయితే ప్రకటించలేదు. మాక్స్‌వెల్ 1879లో ఆ రాతలను వెలుగులోకి తెచ్చారు. రెండేళ్ల తర్వాత 1881లో పారిస్ అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు, ఆంపియర్‌లతో పాటు నిరోధానికి ప్రమాణంగా ఓమ్ పేరును ఖరారు చేసింది. నిరోధానికి విలోమమైన వాహకత్వానికి ఆ పేరునే తిరగేసి మో అన్నారు. 1971 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల్లో దాని స్థానంలో సీమెన్స్ వాడుకలోకి వచ్చింది.