వర్ణచిత్ర ముద్రాపకుడు లూయీ ప్రాంగ్

ప్రభువుల మందిరాలకూ ధనికుల సౌధాలకూ పరిమితమై ఉన్న చిత్రకళను సామాన్యుని గుమ్మంలోకి తెచ్చినవి పంతొమ్మిదవ శతాబ్దపు రంగుల అచ్చులు. మన తెలుగు ఇండ్లలో రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు గోడకెక్కినది ఆ విద్య వలననే. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించడానికి సుమారు ముప్పది ఏండ్లకు ముందే, అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక ప్రవాసి అదే విద్యను చేపట్టాడు. అరచేతిలో ఇమిడే బొమ్మల కార్డులపై మంచి చిత్రకారుల పనితనాన్ని అచ్చువేసి ఇంటింటికీ అందజేశాడు. పిల్లలూ పెద్దలూ ఆ కార్డులను ఏరి కూర్చుకొని ఆల్బములలో భద్రపరచుకొన్నారు. ఆ ప్రవాసియే లూయీ ప్రాంగ్.

ప్రాంగ్ 1824 మార్చి 12న ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ పట్టణంలో జన్మించాడు. నేడు ఆ పట్టణం వ్రొత్స్వాఫ్ అనే పేరుతో పోలండు దేశంలో ఉన్నది. తండ్రి వస్త్రోత్పత్తిదారు. బాల్యంలో ఆరోగ్యం చక్కగా లేనందున లూయీకి బడిచదువు అంతగా సాగలేదు. తండ్రి కర్మాగారమే ఆతనికి పాఠశాల అయినది. అచ్చు చెక్కడం, రంగులు కలపడం, గుడ్డపై ఒక రంగు ప్రక్కన మరొక రంగు చెదరకుండా అద్దడం అక్కడనే అలవడినవి. మన పెడన అద్దకపువారికి తెలిసిన మెలకువయే ఇది. దిమ్మె వెంట్రుకవాసి జరిగిందంటే రంగు పూరేకు దాటి బయటికి పోతుంది. తరువాతి కాలంలో కాగితం మీది పని చేపట్టినపుడు ఆ బాల్యశిక్షణయే ప్రాంగ్‌కు మూలధనమైనది.

1848లో ఐరోపా ఖండమంతటా ప్రజాస్వామ్యం కోసం విప్లవాలు చెలరేగినవి. యువకుడైన ప్రాంగ్ ఆ ఉద్యమంలో చేరాడు. ఉద్యమం విఫలమైనది. ప్రష్యా ప్రభుత్వం వెంటాడగా స్విట్జర్లాండుకు తప్పించుకొని, 1850లో అమెరికా చేరి బోస్టన్‌లో స్థిరపడ్డాడు. అక్కడ తొలి ప్రయత్నాలు ఫలించలేదు. వాస్తుశిల్ప గ్రంథాలు ప్రచురించాడు. తోలు వస్తువులు చేసి చూశాడు. చివరకు పుస్తకాల బొమ్మల కోసం కొయ్యదిమ్మెలు చెక్కి పొట్టపోసుకొన్నాడు. 1851లో స్విస్ యువతి రోజా గెర్బర్‌ను వివాహమాడాడు. 1856లో జూలియస్ మేయర్ అనే భాగస్వామితో కలిసి శిలాముద్రణాలయం తెరిచాడు. 1860లో భాగస్వామి వాటాను తానే కొని, తన పేరిట సంస్థను నడపసాగాడు.

శిలాముద్రణం ఎంత సులభంగా కనిపిస్తుందో అంత కష్టమైన విద్య. నునుపుగా అరగదీసిన సున్నపురాతిపై జిడ్డుగల సిరాతో బొమ్మ గీస్తారు. రాతిని నీటితో తడిపి దానిపై రంగు పూస్తే, జిడ్డు ఉన్నచోటనే రంగు అంటుతుంది, తడిగా ఉన్నచోట అంటదు. దానిపై కాగితం నొక్కితే బొమ్మ దిగుతుంది. రంగుల చిత్రానికైతే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావలెను. ఒక తైలవర్ణచిత్రాన్ని అచ్చులో దింపడానికి ప్రాంగ్ పనివారు ఇరవైకి పైగా రాళ్లు వాడిన సందర్భాలు ఉన్నవి. అన్ని రాళ్లూ ఒకే గురికి కుదరవలెను. మూల చిత్రంలోని ఛాయలను విడదీసి, ఏ రాతిపై ఏది గీయవలెనో నిర్ణయించేవాడు యంత్రం నడిపేవాడు కాడు, స్వయంగా చిత్రకారుడు.

1861 ఏప్రిల్‌లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమైనది. వ్యాపారాలు మూతపడుతున్న ఆ సమయంలో, చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోటపై కాల్పులు జరిగాయని తెలియగానే ప్రాంగ్ ఆ రేవు పటం అచ్చువేసి అమ్మించాడు. మరుసటి ఏడు, రెండు రంగుల పెన్సిళ్లతో కూడిన యుద్ధపటం ఒకటి వెలువరించాడు. తంతివార్త వచ్చినప్పుడల్లా ఇరు సేనల కదలికలను ఇంటివారే దానిపై గుర్తించుకొనవచ్చును. దండయాత్రలో బిడ్డలున్న కుటుంబాలకు అది ఎంత ఆత్మీయమైన వస్తువో ఊహించవచ్చును.

1864లో విన్‌స్లో హోమర్ అనే యువ చిత్రకారుని చేత సైనిక శిబిర జీవితంపై 24 చిన్న కార్డులు గీయించి ప్రచురించాడు. సిపాయిల తిప్పలూ చిలిపిచేష్టలూ ఆ బొమ్మలలో హాస్యస్ఫోరకంగా కనిపిస్తాయి. వానిలో ఒకదానిలో హోమర్ పత్రికా చిత్రకారునిగా తన్ను తానే గీసుకొన్నాడు. ఆయన ఆ తరువాత అమెరికా మహాచిత్రకారులలో ఒకడుగా గణుతి కెక్కాడు. నేడు చిత్రశాలలు భద్రపరుస్తున్న ఆ కార్డులు నాడు సామాన్యులు చేతుల్లోకి తీసుకొని నవ్వుకొన్నవే.

ఆ యేడే ప్రాంగ్ ఐరోపాకు తిరిగి వెళ్లి, వర్ణముద్రణలో జర్మనులు సాధించిన కొత్త మెలకువలను పరిశీలించి వచ్చాడు. అనంతరం ఆల్బము కార్డులు విరివిగా వెలువడినవి. అడవిపూలు, సీతాకోకచిలుకలు, శరత్కాలపు ఎర్రని ఆకులు, నాచుమొక్కలు, పక్షులు ఒక్కొక్క వరుసగా వచ్చేవి. ఆ కార్డులు ప్రకటనల కోసం పంచినవి కావు, సేకరించుకొనడానికే అమ్మినవి. వరుస పూర్తి చేయవలెనన్న తహతహతో ఆల్బము నింపుకొన్న పిల్లవాడు ఆకుల ఈనెలనూ రెక్కల చుక్కలనూ తెలియకనే గమనించడం నేర్చుకొనేవాడు. తరగతిలో పదార్థపాఠం చెప్పే ఉపాధ్యాయుడు దీని విలువ ఎరుగును.

పెద్ద తైలవర్ణచిత్రాలను కూడా ప్రాంగ్ అచ్చులో దించి కొద్ది డాలర్లకు అమ్మాడు. టెయిట్ చిత్రించిన కోడిపిల్లలు, ఈస్ట్‌మన్ జాన్సన్ చిత్రించిన చెప్పులులేని బాలుడు వేలాది ఇండ్ల గోడలకెక్కినవి. అంతట విమర్శకులు విరుచుకుపడ్డారు. యంత్రం తీసిన నకలు కళ కాజాలదని, జనుల అభిరుచి దీనివలన చెడునని వారి వాదం. 1874లో గాడ్‌కిన్ అనే సంపాదకుడు రంగుల అచ్చును నకిలీ నాగరికతకే గుర్తుగా ఎంచి ఎత్తిపొడిచాడు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. నాటి బజారులో నాసి అచ్చులు కొల్లలు. కాని మూల చిత్రం చూసే యోగం ఎన్నడూ లేనివాని మాట ఆ విమర్శకులు తలపెట్టలేదు.

ఆ మాట తలపెట్టినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. దాస్యం నుండి తప్పించుకొని నల్లజాతి విముక్తికి నాయకుడైన మహావక్త ఆయన. 1870లో హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేటులో అడుగుపెట్టిన తొలి నల్లజాతి సభ్యుడైనపుడు, థియొడోర్ కౌఫ్‌మన్ చిత్రించిన ఆయన రూపాన్ని ప్రాంగ్ అచ్చువేశాడు. అంతవరకు నల్లవారి బొమ్మలంటే వెక్కిరింత బొమ్మలే. ఇప్పుడు తమవాని గంభీరమైన ముఖాన్ని పేదవారు కూడా గోడకు తగిలించుకొనగలరని డగ్లస్ సంతోషించి ప్రాంగ్‌కు లేఖ వ్రాశాడు. విప్లవంలో ఓడిపోయి దేశం విడిచిన యువకుని ఆశయం ఇక్కడ మరొక దారిన నెరవేరినదనుకొనవచ్చును.

1873లో వియన్నా ప్రదర్శనలో ప్రాంగ్ పూలబొమ్మల వ్యాపార కార్డులు పలువురి మెప్పు పొందినవి. అటువంటి కార్డులపైననే క్రిస్మస్ శుభాకాంక్షలు చేర్చి మొదట ఇంగ్లండులోను, 1874లో అమెరికాలోను విక్రయించాడు. అమెరికాలో క్రిస్మస్ కార్డులకు పితామహుడనే పేరు దీనివలననే వచ్చింది. 1880 నాటి దశకారంభానికి ఆయన ముద్రణాలయం ఏటా యాభై లక్షల క్రిస్మస్ కార్డులు ముద్రించేది.

సంఖ్య పెరిగినా ప్రాంగ్ తృప్తి చెందలేదు. కార్డుపై ఉండవలసిన బొమ్మ ఎంత అందంగా ఉండగలదో తేల్చడానికి 1880లో న్యూయార్కులో పోటీ ఏర్పాటు చేశాడు. బహుమతులు 1000, 500, 300, 200 డాలర్లు. ప్రసిద్ధ కళావేత్తలు న్యాయనిర్ణేతలు. వచ్చిన చిత్రాలను ప్రజలకు ప్రదర్శించారు. మొదటి పోటీలో ప్రథమ బహుమతి రోజినా ఎమెట్‌కు, 1881 పోటీలో ఎలిహు వెడ్డర్‌కు లభించింది. డోరా వీలర్ కూడా ఈ పోటీలలో గెలుపొందింది. తరువాత ప్రేక్షకుల ఓటుకు సైతం బహుమతి కల్పించారు. స్త్రీలకు చిత్రకారిణులుగా జీవనోపాధి దుర్లభమైన ఆ రోజులలో ఫిడీలియా బ్రిడ్జెస్ వంటివారి పూలనూ పక్షులనూ ప్రాంగ్ సగౌరవంగా కొని ప్రచురించాడు.

కాని ఆయన పెంచిన తోటలోనే పోటీ మొలిచింది. జర్మనీ నుండి చవుక కార్డులు ఓడలపై దిగసాగినవి. కార్డు పంపుట ప్రాంగ్ వద్ద నేర్చిన జనులే ధర చూసి వానిని కొన్నారు. రాళ్ల సంఖ్య తగ్గిస్తే ధర తగ్గుతుంది, బొమ్మ చెడుతుంది. ఆ పని ఆయనకు మనస్కరించలేదు. 1890 ప్రాంతాన కార్డుల వ్యాపారాన్నే విరమించుకొన్నాడు. అచ్చుపై ఆయనకున్న పట్టుదలకు చివరి నిదర్శనం బాల్టిమోరు నగరవాసి వాల్టర్స్ సేకరించిన ప్రాచ్యదేశాల పింగాణీ పాత్రలపై 1897లో వెలువడిన గ్రంథం. అందులోని 116 వర్ణపటాలు ప్రాంగ్ ముద్రణాలయంలో ఏండ్ల తరబడి తయారైనవి. అదే సంవత్సరం ఆయన సంస్థ టేబర్ అనే మరొక చిత్రసంస్థతో విలీనమైనది.

అప్పటికే ఆయన దృష్టి బడిపిల్లల మీదికి మళ్లింది. మసాచుసెట్స్ రాష్ట్రం 1870లో చట్టం చేసి బడులలో చిత్రలేఖనాన్ని పాఠ్యాంశంగా చేసింది. నేర్పవలసిన ఉపాధ్యాయులకే ఆ విద్య రాదు. ప్రాంగ్ వారికోసం చిత్రలేఖన వాచకాలు, నమూనాలు, పిల్లలకు హానిచేయని నీటిరంగులు సిద్ధం చేయించాడు. 1882లో విద్యాసామగ్రి కోసం ప్రత్యేక సంస్థనే నెలకొల్పాడు. అందులో పనిచేసిన చిత్రకళా బోధకురాలు మేరీ డేనా హిక్స్‌ను, మొదటి భార్య గతించిన తరువాత, 1900లో వివాహమాడాడు. 1909లో ప్రయాణంలో ఉండగా లాస్ ఏంజలీస్‌లో మరణించాడు.

ఆయన కార్డులు ఈనాడు గ్రంథాలయాలలోను చిత్రశాలలలోను జాగ్రత్తగా దాచబడి ఉన్నవి. చవుక కార్డులలో అనేకం నశించినవి. ఆయన పేరు మాత్రం మరొక చోట నిలిచింది. అమెరికాలో బడిపిల్లలు తెరిచే నీటిరంగుల పెట్టెలపై నేటికీ ప్రాంగ్ అనే పేరు ఉన్నది. బడిచదువు అబ్బని ఆ అద్దకపువారి పిల్లవాని పేరు చివరకు బడిలోనే నిలిచిపోయింది.