ముగింపు చూడని పని: చార్లెస్ బాబేజి జీవితము

ఈ శతవార్షిక సంచికకు నేను ఎవరైనా ఒక మిషనరీ దొరగారి జీవితమును వ్రాయుదునని మా సంఘస్థులు అనుకొని యుందురు. అట్టి జీవితములు ఈ సంచికలో చాలినన్ని ఉన్నవి గనుక నేను వేరొకరిని ఎన్నుకొన్నాను. మా పాస్టరేటు ఆఫీసులో బాప్తిస్మపు రిజిస్టరును, చందాల పద్దును ఇప్పుడు కంప్యూటరులోనే ఉంచుతున్నాము. అటువంటి యంత్రమును దాదాపు నూట తొంభై ఏండ్ల క్రిందటే మనస్సులో చూచి, కాగితము మీద గీచి, కంటితో మాత్రం చూడకుండానే గతించిన ఇంగ్లీషువాడు చార్లెస్ బాబేజి. ఆయన కథ గెలిచినవాని కథ కాదు. అందుకే నాకు ఇష్టము.

ఆయన 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించారు. తండ్రి బెంజమిను బాబేజి బ్యాంకు వ్యాపారస్థుడు, ధనికుడు. చిన్ననాట తల్లి ఆయనను మెర్లిన్ అనే యంత్రకారుని పనిశాలకు తీసికొనిపోగా, అక్కడ తనంతట తానే నాట్యమాడే వెండి బొమ్మను చూచి ముగ్ధుడైనాడు. ఏండ్లు గడిచిన తరువాత అదే బొమ్మను వేలములో కొని తన ఇంటి హాలులో నిలిపాడు. బాల్యములోని మరొక సంగతిని ఆయనే తన ఆత్మకథలో వ్రాసికొన్నారు. సాతాను నిజముగా ఉన్నాడో లేడో తేల్చుకొనవలెనని నేలమీద తన రక్తముతో వలయము గీచి, ప్రభువు ప్రార్థనను వెనుకనుండి ముందుకు చదివాడట. ఎవరూ రాలేదు. మన సండేస్కూలు పిల్లలకు ఈ కథ చెప్పమని నేననను గాని, వినిన మాటను పరీక్షింపక ఒప్పుకొనని గుణము ఆ వయస్సులోనే కనబడుచున్నది.

1810లో కేంబ్రిడ్జిలో చేరారు. అప్పుడు ఆ ఊరిలో బైబిలు సొసైటీ విషయమై పెద్ద తగవు నడుచుచుండెను. పరిశుద్ధ గ్రంథమును ప్రార్థనల పుస్తకముతో కలిపి పంచవలెనా, ఒక్కదానినే పంచవలెనా అని ఇరుపక్షములవారు గోడలనిండా ప్రకటనలు అంటించారు. బాబేజి ఆ ప్రకటనలను వేళాకోళము చేయుచు, ఫ్రెంచి గణిత గ్రంథమును పంచుటకు ఒక సంఘము స్థాపింతమని వ్రాశాడు. వేళాకోళము నిజమై, 1812లో హెర్షెల్, పీకాక్ అనే స్నేహితులతో కలిసి అనలిటికల్ సొసైటీని స్థాపించాడు. ఇంగ్లండు గణితవిద్యను మార్చినవారిలో ఈ కుర్రవాండ్రు ముఖ్యులు.

1814లో జార్జియానా విట్మోరును పెండ్లాడారు. 1816లో హెయిలీబరీలోని ఈస్టిండియా కంపెనీ కాలేజీలో ఉపాధ్యాయ పదవి కోరారు గాని దొరకలేదు. మన తెలుగువారి బ్రౌను దొర 1817లో మద్రాసు చేరుటకు ముందు తర్ఫీదు పొందినది ఆ కాలేజీలోనే. బాబేజికి ఆ ఉద్యోగము వచ్చియుంటే మన నిఘంటుకర్తకు లెక్కలు చెప్పియుండునేమో!

ఇక అసలు సంగతి. ఆ దినములలో కంప్యూటరు అంటే యంత్రము కాదు, మనిషి. కూలి తీసికొని లెక్కలు కట్టే మనిషి. ఓడల దారికి, నక్షత్రముల స్థానములకు, బ్యాంకు వడ్డీలకు కావలసిన పట్టికలను వీరు చేతితో లెక్కకట్టగా అచ్చువేసేవారు. కట్టుటలో తప్పు, నకలు తీయుటలో తప్పు, అచ్చు కూర్చుటలో తప్పు. పట్టికలో తప్పు పడితే నడిసముద్రములో ఓడ దారి తప్పవచ్చును. 1821లో హెర్షెలుతో కలిసి అట్టి పట్టికలను సరిచూచుచు, తప్పు మీద తప్పు తగులుటతో విసిగి, ఈ లెక్కలను ఆవిరియంత్రము చేత చేయించరాదా అని బాబేజి అనుకొన్నారు.

ఉపాయము తెలిసికొంటే సులభమే. 1, 4, 9, 16, 25 అనే వర్గసంఖ్యలను తీసికొనండి. వాటి నడుమ భేదములు 3, 5, 7, 9. ఆ భేదముల నడుమ భేదము ఎప్పుడును 2. కాబట్టి 9కి 2 కలిపితే 11, 25కి 11 కలిపితే 36. హెచ్చవేత అవసరము లేకుండ కూడికతోనే తరువాతి వర్గము వచ్చినది. కూడిక పండ్లచక్రములు చేయగలవు. దీనికి డిఫరెన్స్ ఇంజను, అనగా భేదయంత్రము, అని పేరు పెట్టారు. 1822లో చిన్న నమూనా చూపగా, 1823లో ప్రభుత్వము 1,500 పౌండ్లు ఇచ్చినది. జోసెఫ్ క్లెమెంట్ అనే నేర్పరియైన పనివానికి పని అప్పగించారు. మొత్తము 25,000 భాగములు చేయవలెను.

1827 ఆయనకు చీకటి సంవత్సరము. ఫిబ్రవరిలో తండ్రి చనిపోయాడు. జులైలో చార్లెస్ అనే కుమారుడు. వేసవి ముగియకమునుపే భార్య జార్జియానా, అప్పుడే పుట్టిన శిశువు. ఎనిమిదిమంది బిడ్డలను కన్న ఇంటిలో పెరిగి పెద్దవారైనది ముగ్గురు కుమారులే. బాబేజి పనిని విడిచి ఐరోపా దేశములలో తిరిగారు. న్యూటను కూర్చున్న కేంబ్రిడ్జి ఆచార్య పీఠము తనకు లభించినదని 1828లో రోములో ఉండగా తెలిసినది. పదకొండేండ్లు ఆ పదవిలో ఉండి ఒక్క ఉపన్యాసమైనను ఇవ్వలేదు. మరల పెండ్లి చేసికొనలేదు.

1832లో క్లెమెంట్ యంత్రములో ఏడవ వంతు భాగమును కూర్చి ఇచ్చాడు. అది చక్కగా పనిచేసెను. శనివారపు విందులలో బాబేజి దానిని అతిథులకు చూపేవారు. పిడి త్రిప్పితే 2, 4, 6, 8 అని అంకెలు వచ్చును. ఎంతసేపు త్రిప్పినను రెండేసి పెరుగును. ఇదే దాని నియమమని అందరు నమ్మిన తరువాత, అకస్మాత్తుగా వేరొక సంఖ్య గంతువేయును. అతిథులు ఆశ్చర్యపడగా, ఇది యంత్రము చెడుట కాదు, ఈ మలుపు కూడ మొదటనే చక్రములలో అమర్చితినని వివరించేవారు. అద్భుతకార్యములు ప్రకృతి నియమమును భంగపరచుట కాదు, సృష్టికర్త ఆదియందే ఏర్పరచిన పెద్ద నియమములోనివేనని ఆయన తాత్పర్యము. 1837లో దీనినే గ్రంథముగా వ్రాశారు. బ్రిడ్జ్‌వాటరు ప్రభువు మరణశాసనము చొప్పున సృష్టిలో దేవుని జ్ఞానమును చూపు ఎనిమిది గ్రంథములు వెలువడియుండగా, ఈయన ఎవరూ అడుగకుండానే తొమ్మిదవది అని పేరు పెట్టి ప్రకటించారు.

ఒక పాదిరిగా చెప్పుచున్నాను, ఈ వాదము నాకు పూర్తిగా రుచించదు. మొదటనే సమస్తమును అమర్చి పక్కగదిలోనికి వెళ్లిన యజమానికి ప్రార్థన చేయుట ఎట్లు? అయినను ఆ పుస్తకములో ఒక అధ్యాయము నన్ను విడువలేదు. మనము పలికిన ప్రతి మాట గాలిని కదలించును, ఆ కదలిక ఎన్నటికిని పూర్తిగా నశించదు, కాబట్టి గాలి యావత్తు ఒక గొప్ప గ్రంథాలయమని అక్కడ వ్రాశారు. బానిసలను ఓడమీదనుండి సముద్రములో పారవేసిన హంతకునికి విరోధముగా నీళ్లే సాక్ష్యమిచ్చునని కూడ వ్రాశారు. గణితశాస్త్రి వ్రాసిన ఆ పుటలను చదివి నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

యంత్రము మాత్రము 1833లో నిలిచిపోయినది. పనిశాలను బాబేజి ఇంటి దగ్గరకు మార్చు విషయమై ఖర్చుల తగవు వచ్చి క్లెమెంట్ పనివాండ్రను పంపివేశాడు. పనిముట్లు పనివానివే అనుట ఆనాటి ఆచారము గనుక అవి అతనివద్దనే ఉండిపోయెను. ప్రభుత్వమునకు అయిన ఖర్చు సుమారు 17,000 పౌండ్లు. అప్పుడు ఒక రైలింజను వెల ఎనిమిదివందల పౌండ్ల ప్రాంతము; అంటే ఇరవైకి పైగా ఇంజన్లు వచ్చేవి.

తగవు తీరకముందే బాబేజికి ఇంకొక ఆలోచన వచ్చినది. అదే ఆయన గొప్పదనము, అదే ఆయన చేటు. పునాది వేసిన తరువాత మూడుసార్లు ప్లాను మార్చిన బిల్డింగు కమిటీలో నేను కూర్చుంటిని గనుక ఈ గుణమును గుర్తుపట్టగలను. 1834లో ఆయన తలపెట్టిన అనలిటికల్ ఇంజను ఒక్క విధమైన లెక్కకు కాదు, ఏ లెక్కకైనను పనికివచ్చునది. సంఖ్యలను దాచుచోటు స్టోరు. వాటిని కూడి, తీసివేసి, హెచ్చించి, భాగించుచోటు మిల్లు. వచ్చిన ఫలితమును బట్టి తరువాత ఏ పని చేయవలెనో యంత్రమే దారి మార్చుకొనును. ఆజ్ఞలను రంధ్రములు పొడిచిన అట్టల ద్వారా ఇయ్యవలెను. ఈ అట్టలు ఆయన ఫ్రాన్సు నేతగాడైన జక్వార్డు మగ్గమునుండి తీసికొన్నవి. ధర్మవరములో పట్టుచీర అంచు నేయు మగ్గముపైన వ్రేలాడు అట్టలదండను చూచినవారికి వేరే వివరణ అక్కరలేదు. రంధ్రమున్నచోట ఒక పోగు లేచును, లేనిచోట లేవదు. పువ్వు ఎట్లు నేయవలెనో అట్టకు తెలియును.

ఈ యంత్రమును గూర్చి 1840లో టూరినులో బాబేజి చేసిన ప్రసంగములను ఆధారము చేసికొని మెనబ్రియా అనే ఇటలీ ఇంజనీరు 1842లో ఫ్రెంచిలో వ్యాసము వ్రాసాడు. బైరను కవి కుమార్తె ఏడా లవ్‌లేసు దానిని ఇంగ్లీషు చేసి, మూలముకంటె పొడవైన వివరణలను చేర్చి 1843లో ప్రకటించినది. అంకెలకు బదులు వేరు గుర్తులను, సంగీత స్వరములను సైతము ఈ యంత్రము నడిపింపవచ్చునని గ్రహించినది ఆమెయే. యంత్రము తనంతట తాను ఏమియు కల్పించలేదనియు ఆమెయే హెచ్చరించినది. ముప్పదియారేండ్లకే, 1852లో, కేన్సరుతో కన్నుమూసినది.

1842లో ప్రభుత్వము చేతులు కడుగుకొన్నది. బాబేజి ప్రధానమంత్రి పీలును కలిసి, పని అడుగుటకు బదులు తన కష్టములను ఏకరువు పెట్టి, కోపముతో లేచి వచ్చారు. ఆయన నాలుక ఆయన శత్రువు. వీధులలో వాద్యపెట్టె త్రిప్పి బిచ్చమెత్తువారిమీద కూడ యుద్ధము ప్రకటించి, 1864లో చట్టము తెచ్చువరకు ఊరకుండలేదు. వారు ఆయన కిటికీక్రిందనే చేరి మరింత వాయించేవారు. అయినను మనస్సులో అసూయ లేదు. స్వీడను దేశపు షాయిట్జు అనే తండ్రీకొడుకులు తన ఆలోచనమీదనే చిన్న భేదయంత్రము చేసి 1855లో పారిసు ప్రదర్శనలో బంగారు పతకము పొందగా, వారిని మనస్ఫూర్తిగా ప్రోత్సహించారు. తనది పూర్తికానివాడు పక్కవానిది పూర్తియైతే సంతోషించుట ఎంత కష్టమో సంఘ సేవలో ఉన్నవారికి తెలియును.

1847 మొదలు 1849 వరకు కూర్చుండి మరింత సులువైన రెండవ భేదయంత్రమునకు నకాసులు గీచారు. ప్రభుత్వము వద్దన్నది. 1871 అక్టోబరు 18న తన డెబ్బది తొమ్మిదవ ఏట లండనులో చనిపోయారు.

కుమారుడు హెన్రీ ఇండియాలో కంపెనీ సైన్యములో పనిచేసినవాడు. తండ్రి విడిచిన ముక్కలను ఏరి చిన్న నమూనాలు కూర్చి, ఒకటి అమెరికాలోని హార్వర్డుకు పంపాడు. 1930ల చివర అక్కడ పెద్ద లెక్కయంత్రము కట్టదలచిన హోవర్డ్ ఎయికెన్ దానిని చూచాడు. లండనులోని సైన్సు మ్యూజియమువారు రెండవ యంత్రపు నకాసులను బయటికి తీసి, ఆ కాలపు పనివాండ్రకు సాధ్యమైనంత సూక్ష్మతతోనే భాగములు చేయించి, 1991లో బాబేజి రెండువందల ఏండ్ల జయంతికి లెక్కభాగమును నిలబెట్టారు. నాలుగువేల భాగములు, రెండున్నర టన్నులకు పైగా బరువు. పిడి త్రిప్పగా ముప్పది ఒక్క అంకెల సంఖ్యలు తప్పులేకుండ వచ్చినవి. అచ్చువేయు భాగము పూర్తియగుటకు ఇంకను పదకొండేండ్లు పట్టినది. 2002లో అది కూడ తిరిగినది, గీచిన నూట యేబది మూడేండ్లకు.