చంద్రుడి మట్టితో కరెంటు వ్యాపారం.. 50 ఏళ్ల కిందటే లెక్కగట్టిన ప్రొఫెసర్!

అపోలో వ్యోమగాములు చంద్రుడిపై ఆరుసార్లు దిగారు. మోసుకొచ్చింది 382 కిలోల రాళ్లు, మట్టి. అంత ఖర్చుకు ఇదేనా లాభం అంటూ అమెరికాలోనే చాలామంది పెదవి విరిచారు. అసలు లాభం వేరే చోట ఉందని చెప్పిన ఫిజిక్స్ ప్రొఫెసర్ జెరార్డ్ ఓనీల్.

1927లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. కొన్నాళ్లు నేవీలో రాడార్ టెక్నీషియన్, తర్వాత ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పాఠాలు. వ్యోమగామి కావాలని నాసాకు అప్లై చేశారు. 1967లో జరిగిన ఎంపికలో సెలెక్ట్ కాలేదు. రెండేళ్లకు, పరిశ్రమలు పెంచుకోవడానికి భూమే సరైన చోటా అని క్లాసులో స్టూడెంట్లను అడిగారు. ఆ ప్రశ్నే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఇంతకీ ఆయన లెక్కేంటి? భూమి ఆకర్షణను దాటాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. చంద్రుడి దగ్గర 2.4 చాలు. అంటే కిలో బరువు పైకి పంపడానికి పట్టే శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పైగా అక్కడ గాలి అడ్డు లేదు. మట్టిలో 40 శాతానికి పైగా ఆక్సిజన్, దాంతోపాటు సిలికాన్, అల్యూమినియం, ఇనుము ఉన్నాయి. రాకెట్ లేకుండా, విద్యుదయస్కాంతాలతో నడిచే ‘మాస్ డ్రైవర్’తో ఆ మట్టిని అంతరిక్షంలోకి విసరాలి. దాంతో అక్కడే భారీ సోలార్ కేంద్రాలు కట్టి, కరెంటును మైక్రోవేవ్‌ల రూపంలో భూమికి పంపాలి. అమ్మేది మట్టి కాదు, కరెంటు!

ఆయన వ్యాసాన్ని పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 1974లో ‘ఫిజిక్స్ టుడే’ అచ్చేసింది. ఎంఐటీలో మాస్ డ్రైవర్ నమూనా కూడా పనిచేసింది. కానీ 1977లో సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ ఇదంతా పిచ్చి ఊహ అని ఎగతాళి చేశారు, పైసా ఇవ్వనన్నారు. ఓనీల్ వెనక్కి తగ్గలేదు. అదే ఏడాది భార్యతో కలిసి స్పేస్ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, విరాళాలతో పరిశోధన సాగించారు. 1985లో బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. ఏడేళ్లు పోరాడి 1992లో, 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చంద్రుడిపై హైడ్రోజన్ కొరత ఆయన ప్లాన్‌లో పెద్ద లోటు. ఆయన పోయిన 17 ఏళ్లకు, మన చంద్రయాన్-1 డేటా అక్కడ నీటి జాడ ఉందని తేల్చింది. నీరుంటే హైడ్రోజన్ ఉన్నట్టే, రాకెట్ ఇంధనం తయారీకి దారి దొరికినట్టే. ప్రిన్స్‌టన్‌లోనే చదివిన జెఫ్ బెజోస్, 2019లో బ్లూ మూన్ ల్యాండర్‌ను చూపించిన వేదికపైనే ఓనీల్ ఆలోచనలను గుర్తుచేశారు. చంద్రుడిపై ఫ్యాక్టరీ ఇంకా రాలేదు. కానీ ఓనీల్ వేసిన లెక్కను ఇప్పుడు పెట్టుబడిదారులే మళ్లీ తిరగేస్తున్నారు.