గోదావరి ఒడ్డున అప్పు సంకెళ్లు

బానిసత్వమనగానే మనకు ఆఫ్రికా గుర్తుకొస్తుంది. కార్తహేనా రేవులో బానిస ఓడలకు ఎదురెళ్లి, రోగులను తన చేతులతో కడిగిన పునీత పీటర్ క్లేవర్ చరిత్ర మన విచారణలలో చాలామందికి తెలిసినదే. మన భద్రాచలం అడవుల్లోని సంకెల కనబడని బానిసత్వాన్ని గ్రంథస్థం చేసిన హైమన్‌డార్ఫ్ దొర గురించి తెలిసినవారు తక్కువ.

ఆయన 1909లో వియన్నాలో జన్మించారు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. జర్మన్ పాస్‌పోర్టు చేతిలో ఉండడంతో బ్రిటిషువారి లెక్కలో శత్రువయ్యారు. నిజాం రాజ్యం దాటి వెళ్లరాదన్నారు. ఆయన, భార్య బెట్టీ ఆ నిర్బంధాన్నే పనిగా మలచుకున్నారు. ముందు చెంచుల మధ్య, 1941లో పాపికొండల కొండరెడ్ల మధ్య గుడారం వేశారు. అప్పట్లో గోదావరికి ఈ ఒడ్డున పాల్వంచ తాలూకా నిజాముది, ఆ ఒడ్డు బ్రిటిషువారిది.

ఒడ్డు ఏదైనా కొండరెడ్ల కష్టం ఒకటే. పోడు గింజలు అయిపోయాక జీలుగు పిండి, మామిడి టెంకల పిండి తిని బతికే రోజులు. అటువంటప్పుడు కలప సావుకారు ధాన్యమో, బట్టో అప్పుగా ఇచ్చేవాడు. దానికి బదులు వెదురు, కలప కొట్టి నదికి చేర్చాలి. పద్దు సావుకారు పుస్తకంలో ఉంటుంది, చదువు రానివాడికి అది తీరిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది?

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయింది. అయినా దక్షిణాది పత్తిచేలలో ఎందరో నల్లజాతి కుటుంబాలను ఇటువంటి అప్పు పద్దే మళ్లీ కట్టిపడేసింది. అక్కడ రంగు గోడ అడ్డుండేది. ఇక్కడ కొండరెడ్ల మాతృభాష మన తెలుగే! సావుకారుకూ కూలికీ మధ్య భాష అడ్డం లేదు, సముద్రం అడ్డం లేదు. నాకైతే ఇదే ఎక్కువ బాధగా తోస్తుంది.

హైమన్‌డార్ఫ్ రాసి ఊరుకోలేదు. 1945లో నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారయ్యారు. ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పునాది వేశారు. గిరిజనులకు భూమి పట్టాలిప్పించడానికి పాటుపడ్డారు.

దేశమంతటా వెట్టిని నిషేధించిన చట్టం 1976లో వచ్చింది. ఆ దశకం చివర ఆయన ఆదిలాబాద్ తిరిగి వచ్చి చూస్తే, తాము పట్టాలిప్పించిన భూములు కొన్ని అప్పటికే పరుల చేతుల్లో ఉన్నాయి. వృద్ధాప్యంలో మళ్లీ గూడేలు తిరిగి, ఆ సంగతీ పుస్తకంలో రాశారు. బెట్టీ 1987లో, ఆయన 1995లో మరణించారు. బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది. ఆయన అస్థికలను కూడా తర్వాత అక్కడికే తెచ్చారు.