ఎట్టోరె సోట్సాస్

ఎట్టోరె సోట్సాస్ (సెప్టెంబరు 14, 1917 – డిసెంబరు 31, 2007) ఇటలీకి చెందిన వాస్తుశిల్పి, వస్తు రూపకర్త. వస్తువు ఉపయోగపడితే చాలదని, వాడేవారి మనసును కూడా స్పృశించాలని ఆయన విశ్వాసం. కుర్చీలు, బల్లలు, దీపాల రూపకల్పనలో ఆధునికోత్తర ధోరణికి బాటలు వేసిన మెంఫిస్ బృందానికి స్థాపకుడు.

బాల్యము, విద్య

సోట్సాస్ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో జన్మించాడు. తండ్రి కూడా వాస్తుశిల్పి. 1939లో టురిన్ పాలిటెక్నిక్ నుండి పట్టభద్రుడయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీ సైనికుడిగా ఉండి, యుగోస్లావియాలో కొంతకాలం నిర్బంధానికి గురయ్యాడు. యుద్ధానంతరం మిలాన్ నగరంలో స్థిరపడ్డాడు.

ఒలివెట్టి సంస్థలో

1958లో ఒలివెట్టి సంస్థకు సలహాదారుగా చేరాడు. ఆ సంస్థ తయారుచేసిన ఎలియా 9003 కంప్యూటరుకు రూపమిచ్చినందుకు 1959లో ఇటలీ ప్రతిష్ఠాత్మక పురస్కారం కొంపాస్సో దోరో లభించింది. 1969లో పెర్రీ కింగ్‌తో కలిసి రూపొందించిన వాలెంటైన్ టైపురైటరు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. టైపు నేర్పే కేంద్రాలలో కనిపించే బరువైన యంత్రాలకు భిన్నంగా, ఎర్రని ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడి, చేత పట్టుకొని వెళ్ళడానికి వీలుగా ఉండటం దీని ప్రత్యేకత.

భారతదేశ యాత్ర

1961లో సోట్సాస్ భారతదేశంలో పర్యటించాడు. ఆ తరువాత తీవ్రమైన మూత్రపిండ వ్యాధితో మరణం అంచుల దాకా వెళ్ళి, అమెరికాలోని కాలిఫోర్నియాలో చికిత్స పొంది కోలుకున్నాడు. ఈ రెండు అనుభవాలూ ఆయన కళను మలుపు తిప్పాయి. 1963లో చీకటిని, 1964లో శివునికి అర్పణను ఇతివృత్తాలుగా తీసుకొని మట్టి పాత్రలు, పళ్ళాలు చేశాడు. 1967లో ప్రదర్శించిన నిలువెత్తు సిరామిక్ స్తంభాల పేరులో స్తూపం అనే మాట కూడా చేర్చాడు.

మెంఫిస్ బృందం

1980 డిసెంబరులో కొందరు యువ రూపకర్తలు మిలాన్‌లోని ఆయన ఇంట సమావేశమయ్యారు. అప్పుడు మ్రోగుతున్న బాబ్ డిలాన్ పాటలోని మాటే బృందానికి పేరైంది. 1981 సెప్టెంబరులో తొలి ప్రదర్శన జరిగింది. అందులో సోట్సాస్ చేసిన కార్ల్‌టన్ పుస్తకాల అర, అశోక దీపం, బాతును తలపించే తాహితి దీపం ముఖ్యమైనవి. సామాన్యమైన హోటలు బల్లలకు అతికించే సన్‌మైకా వంటి చవక రేకును ఖరీదైన కొయ్యతో సమానంగా వాడటం ఈ బృందం చేసిన సాహసం. ఇది హాస్యాస్పదమని కొందరు విమర్శించగా, రూపకల్పనకు స్వేచ్ఛ దొరికిందని కొందరు హర్షించారు. అయితే చవక రేకుతో చేసినా ఆ వస్తువులు సామాన్యులకు అందలేదు. సంపన్నుల సేకరణలకు, సంగ్రహాలయాలకు చేరాయి. బృందం కీర్తి శిఖరాన ఉండగానే, 1985లో సోట్సాస్ దాని నుండి తప్పుకున్నాడు.

చివరి దశ

అనంతరం ప్రధానంగా భవన నిర్మాణంపై దృష్టి పెట్టాడు. 2007లో, 90 ఏళ్ళ వయసులో, మిలాన్‌లో మరణించాడు.